ట్యాంకు మూతే కదా అనుకోకండి



పోయినసారి సుడిదోమ గురించి రాస్తానని చెప్పాను. అది కొన్నాళ్లు ఆగొచ్చు, ఇప్పుడు మడుల్లో వరే లేదు కదా. ఇది మాత్రం ఆగేట్టు లేదు. నార్లు పోసేశారు. సాగర్ ఎడమ కాలువకు నీళ్లొదిలితే అందరం ఒక్కసారే దమ్ముల మీద పడతాం. అప్పుడిక బండి దగ్గర నిలబడి తీరిగ్గా చూసే టైము ఎవరికీ ఉండదు. అందుకే ట్రాక్టర్ షెడ్డులోనో వేపచెట్టు కిందో ఆగి ఉన్న ఈ నాలుగు రోజుల్లోనే డీజిల్ ట్యాంకు మూత గురించి చెప్పేస్తా.

నవ్వేవాళ్లు నవ్వండి. ఇంజిన్ ఆయిల్ గురించి చెప్తే వింటారు, క్లచ్ ప్లేట్ల గురించి చెప్తే వింటారు, టైర్ల సంగతైతే మీరే నాకు చెప్తారు. మూత దగ్గరికి వచ్చేసరికి "అందులో ఏముంది, మూతే కదా" అంటారు. ఒకసారి మీ ఊళ్లో ఆగి ఉన్న ట్రాక్టర్లు చూసుకుంటూ నడవండి. ఒకదానికి పాత గుడ్డ కుక్కి ఉంటది. ఇంకోదానికి యూరియా సంచి ముక్క కప్పి, సైకిల్ ట్యూబుతో కట్టి ఉంటది. మొన్న ఒకచోట కూల్‌డ్రింకు సీసాను సగానికి కోసి బోర్లించారు. లక్షలు పోసి కొన్న బండి, బ్యాంకు కిస్తీలు ఇంకా తీరలేదు, దాని నెత్తిన సగం సీసా!

మూత ఎట్లా పోతదో అందరికీ తెలిసిందే. బంకులో మూత తీసి మడ్‌గార్డు మీద పెడతాం. డబ్బులిచ్చేలోపు వెనక లారీవాడు హారన్ కొడతాడు. ఎక్కి కదిలిస్తాం. ఊరి మలుపు దగ్గరికి వచ్చాక గుర్తొస్తది, అప్పటికి అది ఏ కాలువలో ఉందో. కంపెనీవాళ్లు మూతకు చిన్న గొలుసో పట్టీయో పెట్టి ఇచ్చేది ఇందుకే. గొలుసు తెగిన రోజే మూత సగం పోయినట్టు లెక్క. అదే రోజు సన్నని ఇనుప తీగతో కట్టేసుకోండి, పది నిమిషాల పని.

సరే, అసలు విషయంలోకి వస్తా. ఈ మూతకు రెండు పనులున్నాయి. ట్యాంకులోకి గాలి రానివ్వాలి. నీళ్లు, దుమ్ము రానివ్వకూడదు. ఈ రెండూ ఒకదానికొకటి పొసగని పనులు. అందుకే మనం పెట్టే గుడ్డలు, కవర్లు ఒక పని చేస్తే రెండో పని చెడగొడతాయి.

గాలి ఎందుకు రావాలి? 15 కిలోల నూనె డబ్బాకు పైన ఒక మూలే బెజ్జం కొట్టి వంచి చూడండి. నూనె గుటకలు గుటకలుగా వచ్చి ఆగిపోద్ది. ఎదురు మూల ఇంకో బెజ్జం కొడితే ధార కడుతుంది. ఈ సంగతి మన ఇళ్లలో ఆడవాళ్లందరికీ తెలుసు. ట్యాంకు కూడా అంతే. ఇంజిన్ కింద నుంచి డీజిల్ లాగుతుంటే ఖాళీ అయిన చోటు నింపడానికి పై నుంచి గాలి దిగాలి. ఆ గాలి దారి చాలా బండ్లలో మూతలోనే ఉంటది. సన్న బెజ్జం, లోపల చిన్న రేకు కవాటం, కొన్నిటికి స్ప్రింగు కూడా. కొన్ని మోడళ్లలో మూత గట్టిగా మూసుకుని, గాలి కోసం ట్యాంకు పక్కన వేరే సన్న పైపు ఉంటది. మీ బండి ఏ రకమో ముందు తెలుసుకోండి. దాని అవసరం కొత్త మూత కొనేటప్పుడు పడతది.

ఆ బెజ్జం బురదతోనో, దుమ్ము డీజిల్ కలిసి గట్టిపడిన జిగురుతోనో మూసుకుపోయిందనుకోండి. పొద్దున బండి బాగానే స్టార్ట్ అవుద్ది. అరగంట, ముప్పావుగంట నడుస్తది. తర్వాత బరువు పడినచోట మూలుగుతది, రోటావేటర్ దించగానే ఆర్‌పీఎం పడిపోద్ది, కాసేపటికి ఆగిపోద్ది. మనం దిగి తిట్టుకుని, బీడీ ముట్టించుకుని, పావుగంట తర్వాత మళ్లీ కీ తిప్పితే చక్కగా స్టార్ట్ అవుద్ది! ఆ పావుగంటలో ఏ సందులోంచో కొంచెం కొంచెం గాలి దిగి లోపలి ఈడ్పు సర్దుకుంటది. మళ్లీ అరగంటకు అదే కథ.

ఇట్లాంటప్పుడు మన అలవాటేంటి? మెకానిక్‌కు ఫోన్ చేస్తాం. అతను వచ్చి "డీజిల్‌లో గాలి పట్టింది" అని బోల్టు లూజు చేసి, పంపు కొట్టి గాలి తీస్తాడు. ఆ పని జరిగేసరికి బండి చల్లారి ఉంటది కాబట్టి స్టార్ట్ అవుద్ది, అతని డబ్బు అతను తీసుకుని పోతాడు. మధ్యాహ్నం మళ్లీ ఆగితే ఫిల్టర్లు మారుస్తారు. రెండో రోజు ఫీడ్ పంపు విప్పుతారు. మూడో రోజు "నాజిళ్లు టౌన్లో చూపించాలి" అంటారు. మెకానిక్‌లందరినీ అనడం లేదు, తెలిసినవాళ్లు ముందు మూతే విప్పుతారు. అట్లాంటి మెకానిక్ దొరికితే వదులుకోకండి.

మీరే చేసుకునే పరీక్ష ఒకటుంది, పైసా ఖర్చు లేదు. బండి మూలుగుతున్నప్పుడు మడి మధ్యలో ఆపి, న్యూట్రల్ చేసి, మూత మెల్లగా తిప్పండి. సుస్సుమని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వచ్చి, ఇంజిన్ మళ్లీ తేరుకుంటే దొంగ దొరికినట్టే. మూత వదులుగా పెట్టి గట్టు దాకా నడిపి చూడండి. బాగా నడిస్తే పంపు జోలికి, నాజిళ్ల జోలికి పోవాల్సిన పని లేదు. ఇది చేసేటప్పుడు నోట్లో బీడీ ఉండకూడదని వేరే చెప్పాలా?

శుభ్రం చేయడం కూడా సులువే. మూత విప్పి, గిన్నెలో కొంచెం డీజిల్ పోసి గంటసేపు నానబెట్టండి. పాత పళ్ల బ్రష్షుతో లోపలి వైపు రుద్దండి. తర్వాత పంచర్ షాపు కంప్రెసర్‌తో గాలి కొట్టించండి, లేదా సైకిల్ పంపు చాలు. నోటితో ఊదొద్దు, డీజిల్ నోట్లో పడి రెండు రోజులు అన్నం సహించదు. ముఖ్యమైన సంగతి: మేకు పెట్టి ఆ బెజ్జం పెద్దది చేయొద్దు. సన్న బెజ్జం సన్నగా ఉండటానికి కారణముంది. లోపలున్న చిన్న కవాటం గాలిని లోపలికి వదులుతది, బండి ఊగినప్పుడు డీజిల్‌ను బయటికి చిందనివ్వదు. మేకు దిగితే ఆ కవాటం పని అయిపోయినట్టే.

ఇంకో చిత్రం చెప్తా. ఎండాకాలం రెండు నెలలు కదలకుండా ఉన్న బండ్లకు, బోరు దగ్గర పెట్టిన ఆయిల్ ఇంజిన్లకు గాలి పైపుల్లో మట్టి గట్టిగా కూరుకుని ఉంటది. మనం బురద అనుకుంటాం. అది కుమ్మరి పురుగు పని. సన్న బెజ్జం కనిపిస్తే చాలు, దానికి ఇల్లు దొరికినట్టే. లోపల గుడ్లు పెట్టి మట్టితో మూసేసి పోద్ది. తాళం బుర్రల్లో, కరెంటు స్విచ్చుబోర్డుల్లో చూసే ఉంటారు. ఆగి ఉన్న బండి తీసే ముందు గాలి పైపు కొసను ఒక్కసారి తడిమి చూడండి.

ఇక రెండో పని, నీళ్లు దుమ్ము ఆపడం. గాలి దారి మూసుకుపోతే బండి ఆగిపోయి మనకు చెప్తది. నీళ్లు, దుమ్ము పోతే ఏమీ చెప్పదు. ఏడాదికో రెండేళ్లకో ఒక్కసారే చెప్తది, బిల్లు రూపంలో.

డీజిల్ పంపు లోపల ప్లంజర్ అనే చిన్న కడ్డీ, అది ఆడే గొట్టం ఉంటాయి. ఆ రెంటి మధ్య సందు 2 నుంచి 4 మైక్రాన్లు. మన తలవెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటదని గుర్తు పెట్టుకుంటే ఆ సందు ఎంతో అర్థమవుద్ది. కంటికి కనపడని దుమ్ము కూడా దానికి ఆకురాయే. ఆ కడ్డీ జారడానికి వేరే నూనె ఉండదు, డీజిలే నూనె. డీజిల్‌లో నీళ్లు కలిస్తే జారుడు తగ్గి ఇనుము ఇనుముకు రాసుకుంటది, తుప్పు పడతది. "ఫిల్టర్ ఉంది కదా" అంటారు. ఉంది. అది ఆపగలిగినంత ఆపుద్ది. రోజూ గుడ్డ పోగులు, ఎర్ర దుమ్ము, వాన నీళ్లు పంపిస్తుంటే అదీ ఎన్నాళ్లు ఆపుద్ది? 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి కొత్త పొగ నిబంధనలు వచ్చాయి, అందుకని వాటిలో ఎక్కువగా కామన్ రైల్ పద్ధతి వస్తోంది. అందులో డీజిల్ ఒత్తిడి పాత పంపులకంటే చాలా ఎక్కువ, నీళ్లకు, దుమ్ముకు ఓర్పు చాలా తక్కువ. పాత బండి గుడ్డ కుక్కినా కొన్నాళ్లు ఈడ్చుకొచ్చింది. కొత్తది అంత ఓపిక పట్టదు.

గుడ్డ కుక్కితే వాన నీళ్లు పీల్చుకుని లోపలికి దించుద్ది, పోగులు రాలుద్ది. పాలిథిన్ కవరు బిగించి కడితే నీళ్లు ఆగుతాయి కానీ గాలి కూడా ఆగుద్ది, మొదట చెప్పిన రోగం వస్తది. బంకు నుంచి ఇంటికి వచ్చేదాకా ఒక గంట కవరు కట్టుకోండి, తప్పు లేదు. దానికి చిన్న సందు వదలండి. మర్నాడు మూత కొనండి. సీజన్ అంతా కవరుతో నడుపుతానంటే మాత్రం మీ ఇష్టం.

వాన ఒక్కటే కాదు, బండి కడిగేటప్పుడు కూడా నీళ్లు పోతాయి. వాటర్ సర్వీసింగులో ప్రెజర్ గన్ తీసుకెళ్లి నేరుగా మూత మీద కొడతారు, బురద బాగా పోతదని. ఆ దెబ్బకు ఏ రబ్బరూ ఆగదు. కడిగేటప్పుడు మాత్రం మూత మీద కవరు కట్టండి, అవగానే తీసేయండి. అక్కడే నిలబడి "అన్నా, పైన తడిగుడ్డతో తుడువు చాలు" అని చెప్పండి.

మూత ఎంత బాగున్నా కొంచెం నీళ్లు ట్యాంకులోనే పుడతాయి. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చల్లబడినప్పుడు గాలిలోని తేమ గోడలకు చెమటలా పడుతుంది, కిందికి జారుతుంది. అందుకే పెద్దలు సాయంత్రం పని అయ్యాక డీజిల్ నింపి పెట్టమనేది. నింపడమంటే అంచుదాకా కాదు. ఎండకు డీజిల్ ఉబ్బుతది. 50 లీటర్ల డీజిల్ 20 డిగ్రీలు వేడెక్కితే ముప్పావు లీటరుకు పైనే పెరుగుద్ది. మెడకు రెండంగుళాల కింద ఆపండి.

నీళ్లు డీజిల్ కంటే బరువు, అడుగుకు చేరతాయి. పొద్దున బండి కదలక ముందు, రాత్రంతా నిలకడగా ఉన్నప్పుడు, ట్యాంకు అడుగు బోల్టో, ఫిల్టర్ కింది నీళ్ల గిన్నె మరో కొంచెం వదులు చేసి గాజు సీసాలోకి పట్టండి. సీసాను వెలుతురులో పెడితే అడుగున నీళ్లు, పైన డీజిల్ వేరుగా కనపడతాయి. నాలుగు చుక్కలుంటే మామూలే. వేలెడు నీళ్లుంటే ఎక్కడి నుంచో వస్తున్నాయి, మొదట అనుమానించాల్సింది మూత రబ్బరునే. నీళ్లు, డీజిల్ కలిసేచోట నల్లటి జిగురు పొర కనిపిస్తే అది సూక్ష్మజీవుల పెరుగుదల, నీళ్లు చాలా రోజుల నుంచి ఉన్నాయని అర్థం. ట్యాంకు దించి కడిగించాల్సిందే.

డబ్బాతో పోసేవాళ్లకు ఒక మాట. గరాటుకు సన్న జాలీ ఉండాలి. ట్యాంకు మెడలో కంపెనీ పెట్టిన జాలీని "డీజిల్ తొందరగా దిగట్లేదు" అని పీకేసేవాళ్లున్నారు, దయచేసి పీకకండి. జింకు పూత రేకు డబ్బాల్లో డీజిల్ నిలవ పెట్టొద్దు, జింకు డీజిల్‌తో కలిసి మడ్డి చేస్తది.

ఇప్పుడు రబ్బరు సంగతి. దీని కోసమే అసలు ఈ పోస్టు రాయాలనిపించింది.

మూత లోపలి వైపు గుండ్రటి రబ్బరు వాషర్ ఉంటది. మూత పోలేదు, బెజ్జం మూసుకోలేదు, అంతా బాగానే ఉందనుకుంటాం. ఆ రబ్బరు ఎండకు, ఇంజిన్ వేడికి ఏళ్ల తరబడి ఉడికి చింతకాయ తొక్కలా పెళుసవుద్ది. అప్పుడు మూత బిగించినా బిగింపు ఉండదు.

పోయిన వానాకాలం మా పెదనాన్న కొడుకు దగ్గర జరిగింది చెప్తా. అన్న సొంతానికి ఎనిమిదెకరాలు చేస్తాడు, మిగతా రోజులు ట్రాక్టర్ కిరాయికి తిప్పుతాడు. డ్రైవర్ మా ఊరి కుర్రాడే, నాలుగేళ్ల నుంచి ఆ బండి మీదే ఉన్నాడు. అన్నకు లెక్క రాసుకునే అలవాటు, నోటుబుక్కులో ఏ రోజు ఎన్ని లీటర్లు, ఎన్ని ఎకరాలు అని ఉంటది. ఆ సీజన్లో లెక్క తప్పడం మొదలైంది. రోజంతా దమ్ము చేస్తే 40 లీటర్ల లోపు పట్టే బండికి 43 పడుతోంది. నేలలు అవే, రోటావేటర్ అదే. లీటరు వందకు దగ్గరున్న రోజుల్లో మూడు లీటర్లంటే తక్కువా? నాలుగు రోజులు చూశాడు, వారం చూశాడు. పన్నెండో రోజు సాయంత్రం సెంటర్లో, హోటల్ ముందర, పదిమంది ఉండగా "ఏరా, సీసాలెంతకు అమ్ముతున్నావు?" అని అడిగేశాడు.

కుర్రాడు ఏమీ మాట్లాడలేదు. బండి తాళాలు బల్ల మీద పెట్టి ఇంటికి పోయాడు. మర్నాడు వాళ్లమ్మ వచ్చి, మావాడు తాగడు, పేకాడడు, నీ డీజిల్ అమ్మి ఏం చేసుకుంటాడయ్యా అని గుమ్మంలో నిలబడి అడిగింది. అన్న లోపలి నుంచి బయటికి రాలేదు. ఊళ్లో సగంమంది ఆ కుర్రాడు తీశాడనే అనుకున్నారు. ఒకసారి సెంటర్లో పడిన మాట ఎంత దూరం పోతదో మీకు తెలుసు. ఆ సీజన్లో ఇంకెవరూ వాణ్ణి బండి ఎక్కించుకోలేదు. పొరుగూరి ఇటుక బట్టీకి పోయాడు.

కొత్త డ్రైవర్ వచ్చాడు. లెక్క మళ్లీ 43. అన్న అప్పుడైనా ఆలోచించాల్సింది. "ఈ కాలం డ్రైవర్లంతా ఇంతే" అన్నాడు, నా ముందరే.

చివరికి పట్టింది వదిన. మధ్యాహ్నం సద్ది తీసుకుని పొలానికి వచ్చింది. గట్టు మీద కూర్చుంటూ "మడి నీళ్లల్లో ఆ రంగులేంటి?" అంది. చూస్తే నిజమే, బండి తిరిగినంత మేర నీళ్ల మీద నెమలి కంఠం రంగుల తెట్టు. మూలల్లో మలుపు తిరిగేచోట ఇంకా ఎక్కువ. బండి ఆపించి చూశాం. మూత చుట్టూ బానెట్ తడిగా ఉంది. బురద, డీజిల్ కలిసి నల్లగా పట్టు కట్టింది. మూత విప్పితే లోపల రబ్బరు రెండు ముక్కలై ఉంది. గాలి బెజ్జం వేలి గోరు పట్టేంత వెడల్పు. అంతకుముందు వేసవిలో బండి ఆగిపోతోందని చూపిస్తే, రోడ్డు పక్క మెకానిక్ ఒకాయన మేకు పెట్టి బెజ్జం పెద్దది చేశాడట. దమ్ము చక్రాలతో బండి ఊగుతది కదా, పొద్దున, మధ్యాహ్నం అంచుదాకా నింపిన ట్యాంకులోంచి ప్రతి ఊపుకూ ఇంత చొప్పున చిందుతోంది. ఎక్కడ చిందినా బురద నీళ్లు కడిగేస్తున్నాయి, ఎవరి కంటా పడలేదు.

మర్నాడే కొత్త మూత వచ్చింది. లెక్క 40 లోపుకు దిగింది. అన్న ఇటుక బట్టీకి పోయి కుర్రాడితో మాట్లాడాడు, ఆగిన రోజుల కూలి కూడా చేతిలో పెట్టాడు. కుర్రాడు కూలి తీసుకున్నాడు. బండి ఎక్కమంటే మాత్రం "వద్దన్నా, అడిగింది సెంటర్లో కదా" అన్నాడట. ఇప్పుడు కోత మిషన్ మీద పోతున్నాడు. ఎదురైతే అన్నను పలకరిస్తాడు. అన్న మాత్రం ఆ హోటల్ దగ్గర టీ తాగడం మానేశాడు.

మీ బండి డీజిల్ ఎక్కువ తాగుతోందనిపిస్తే మనిషి మీద మాట వేసే ముందు మూత చుట్టూ ఒకసారి వేలు పెట్టి రాయండి. పొడి దుమ్ము అంటితే సరే. జిడ్డు నలుపు అంటితే అక్కడ కారుతోంది. ట్యాంకు ముప్పావు నింపి, రోడ్డు వాలులో అరగంట నిలిపి, మూత కింద తెల్ల కాగితం పెట్టి చూడండి. కాగితం అబద్ధం చెప్పదు.

రబ్బరు పోయిందని చాలామంది పాత సైకిల్ ట్యూబు కోసి వేస్తారు. రెండు వారాల్లో అది డీజిల్ తాగి ఉబ్బి, వడలిపోయి, ముక్కలై ట్యాంకులోకే పడుద్ది. డీజిల్‌కు తట్టుకునేది నైట్రైల్ రబ్బరు. స్పేర్ పార్టుల షాపులో "డీజిల్‌కు ఆగే వాషర్ కావాలి" అని అడిగి తీసుకోండి. కొన్ని మూతలకు వాషర్ విడిగా దొరుకుద్ది, కొన్నిటికి మూత మొత్తం మార్చాల్సిందే.

కొత్త మూత కొనడానికి పోయేటప్పుడు పాతది జేబులో వేసుకుని పోండి. పాతది లేకపోతే ట్యాంకు మెడ ఫొటో, మెడ వెడల్పు కొలత, బండి మోడల్, ఛాసిస్ నంబరు తీసుకెళ్లండి. మర తిప్పే రకం ఉంటది, రెండు చెవులుండి పావు చుట్టు తిప్పితే పట్టే రకం ఉంటది. చూడటానికి ఒకేలా ఉండి అర మిల్లీ తేడాలో వదులయ్యేవీ ఉన్నాయి. గాలి దారి మూతలో ఉండే బండికి బెజ్జం లేని మూత బిగిస్తే మొదటి రోజే ఆగిపోద్ది. ఇందాక మీ బండి ఏ రకమో తెలుసుకోమంది ఇందుకే. షాపతను "ఇదీ పడతదన్నా" అని రేడియేటర్ మూత ఇవ్వబోతే వద్దనండి, అది ఒత్తిడి పట్టి ఉంచడానికి చేసింది, దీని పని వేరు. బిగించాక ఒక గంట పని చేసి, మూత తిప్పి చెవి పెట్టి వినండి. సుస్సుమన్న చప్పుడు గట్టిగా వస్తే గాలి చాలడం లేదని అర్థం, వెనక్కి ఇచ్చేయండి.

ధర గురించి బాధపడకండి. పంపు షాపులో పంపు విప్పడానికి తీసుకునే కూలి పక్కన ఇది లెక్కలోకే రాదు.

మందు కొట్టే పెట్రోల్ పంపులకూ ఇదే సూత్రం. పది నిమిషాలు నడిచి ఆగిపోతుంటే ప్లగ్గు మార్చే ముందు మూత వదులు చేసి చూడండి. మోటార్ సైకిళ్లలో మూత చుట్టూ పడిన వాన నీళ్లు బయటికి పోవడానికి సన్న బెజ్జం ఉంటది, అది దుమ్ముతో పూడితే నీళ్లు అక్కడే నిలుస్తాయి, బంకులో మూత తెరవగానే లోపలికి జారతాయి. ఇప్పుడొచ్చే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. అది నీళ్లను పట్టుకుంటది, నీళ్లు ఎక్కువైతే రెండూ కలిసి అడుగుకు దిగుతాయి. బండి స్టార్ట్ కాక కిక్కు కొట్టీ కొట్టీ కాలు వాస్తది.

కోత మిషన్లు, కొత్త లారీలు నడిపే తమ్ముళ్లు నీలం మూత చూసే ఉంటారు. అందులో పోసేది డీజిల్ కాదు, పొగ శుభ్రం చేసే యూరియా ద్రావణం, 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీళ్లు. మన బస్తా యూరియా బకెట్లో కలిపి పోద్దామని ఎవరికైనా ఆలోచన వస్తే అక్కడే ఆపండి. ఈ ద్రావణం పొరపాటున డీజిల్ ట్యాంకులో పడితే కీ తిప్పకుండా మెకానిక్‌ను పిలవాలి.

గడ్డి కట్టలు కట్టే రోజుల్లో ఇంకో భయముంది. మూత కారే బండి బానెట్ మీద డీజిల్ జిడ్డు, దాని మీద సన్న గడ్డి పొట్టు, పక్కనే కాలే సైలెన్సర్. కోతల రోజుల్లో పొద్దున్నే ఆ పొట్టు తుడవకుండా బండి తీయొద్దు.

చివరగా తాళం మూతలు. రాత్రిపూట పొలంలో బండి వదిలేవాళ్లకు మంచిదే, డీజిల్ దొంగతనాలు ఉన్నమాట నిజం. కొనేటప్పుడు గాలి బెజ్జం ఉందో లేదో తాళం మూతకు కూడా చూడండి, చవక రకాల్లో కొన్నిటికి అసలు ఉండదు. తాళంచెవి దూరే చోట చిన్న రేకు తలుపు ఉన్నదే తీసుకోండి, లేకపోతే దమ్ములో బురద పోయి చెవి తిరగదు. మా అన్న కూడా ఈ ఏడు తాళం మూతే వేయించాడు. చెవులు రెండిస్తారు. ఒకటి ఇంట్లో మేకుకు తగిలించండి. రెండోది డ్రైవర్ దగ్గరే ఉండాలి. మధ్యాహ్నం మడి మధ్యలో డీజిల్ అయిపోతే మూత తీయడానికి అతను మన కోసం ఊళ్లోకి నడిచి రాకూడదు.